గొడుగు గుర్తు మోషే

పోయిన నెల ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. పేరు లహరి. పక్కింటి టీచరమ్మ కూతురితో కలిసి హైదరాబాదులో చదువుకుందట, ఇప్పుడు పాతకాలపు అమెరికా బొమ్మల పుస్తకాల మీద పరిశోధన చేస్తోందట. పరిశోధన చేయడానికి ఇంకేమీ దొరకలేదా తల్లీ అన్నాను. నవ్వేసి, "రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆ పుస్తకాలు మన మిషను కాంపౌండ్ల దాకా వచ్చాయని విన్నాను అమ్మమ్మగారూ, మార్కాపురంలో అప్పటివాళ్ళు ఎవరైనా ఉంటే మాట్లాడదామని వచ్చాను" అంది. అప్పటివాళ్ళంటే ఇక నేనే. మిగతా అందరూ చర్చి వెనక సమాధుల దొడ్లో ఉన్నారు, వాళ్ళు మాట్లాడరు. నాకేమీ తెలియదమ్మా, కాఫీ తాగి వెళ్ళు అందామనుకుంటూ ఉండగా ఆ పిల్ల తన ఫోను నా ముందు పెట్టింది. పసుపుపచ్చ అట్ట, దాని మీద ముఖానికి ముసుగేసుకున్న మనిషి, పై మూలన చిన్న గుండ్రంలో నల్ల గొడుగు. ఆ గొడుగు చూడగానే కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాను. "మోషే" అన్నాను. లహరికి అర్థం కాలేదు. ఎట్లా అవుతుంది? అర్థం కావాలంటే ముందు మా అత్త గురించి తెలియాలి.

మా అమ్మ నన్ను కన్న ఏడాదే పోయింది. నాయన నంద్యాల దిక్కు రైలు పనికి వెళ్ళి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. నన్ను పెంచింది నాయన అక్క కరుణమ్మత్త. ఆమెకు పిల్లలు లేరు, మామ ఎప్పుడో పోయాడు. మిషనులో ఆమె బైబిలమ్మ. బైబిలమ్మ అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు గనక చెబుతున్నాను. పల్లెపల్లెకూ నడిచి వెళ్ళి, కూలి పని నుంచి వచ్చిన ఆడవాళ్ళనూ పిల్లలనూ కూర్చోబెట్టుకుని, బొమ్మలు చూపిస్తూ బైబిలు కథలు చెప్పే మనిషి. ఆ ఉద్యోగం ఉన్నందుకే కాంపౌండులో మాకొక గది ఇచ్చారు. రాతి గోడలు, పైన రాతి బండలే పరిచిన కప్పు. ఎండాకాలం రాత్రిపూట కూడా ఆ బండల వేడి దిగేది కాదు. ఆ గదీ, ఆ అత్తా, అంతే నాకున్నది. అప్పుడు మాది కర్నూలు జిల్లా, ఆ పైన మద్రాసు సర్కారు. కోర్టు పనులకు కర్నూలు, పెద్ద జబ్బులకు మద్రాసు అనేవాళ్ళు. మేమిద్దరం ఏ పనికీ ఎక్కడికీ పోయేంత మనుషులం కాము.

అత్త పొదిలి దిక్కు వెళితే వారానికి వచ్చేది. వెలిగండ్ల, పామూరు దిక్కయితే ఇంకా ఆలస్యం. కొంత దూరం బండి, ఎక్కువ దూరం కాళ్ళు. ఆమె లేని రోజుల్లో బడి వంట చేసే సారమ్మ నాకు సంగటి ముద్ద, మీద కాస్త గోంగూర వేసి పెట్టేది. మంచి మనిషే, పెట్టేది, తిట్టేది కాదు, అయితే పలకరించేది కూడా కాదు. పగలంతా ఎట్లాగో గడిచిపోయేది. దీపాలు పెట్టేవేళ మాత్రం ఓర్చుకోలేకపోయేదాన్ని. కాంపౌండులో ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబం ప్రార్థనకు కూర్చుని పాట ఎత్తుకునేది. తండ్రి గొంతు, తల్లి గొంతు, పిల్లల కీచుగొంతులు అన్నీ కలిసి వినిపించేవి. అత్త చెప్పి వెళ్ళింది గదా అని నేనూ మా గదిలో ఒక్కదాన్నే చాప వేసుకుని పాట మొదలుపెట్టేదాన్ని. ఒక్క గొంతుతో పాడితే అది పాటలాగా ఉండదు. సగంలో ఆపేసి పక్కగది వాళ్ళ పాట వినేదాన్ని. పిల్లలు ఆడుకోవడానికి పిలవలేదా అంటే పిలిచేవాళ్ళు, కానీ వాళ్ళ అమ్మలు కేకేయగానే అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయేవాళ్ళు. నన్ను కేకేసేవాళ్ళు లేరు గనక నేను చివరిదాకా ఆ ఖాళీ మైదానంలోనే ఉండిపోయేదాన్ని.

మళ్ళీ అత్త వచ్చిన సాయంత్రం చూడాలి నా హడావుడి! ఆమె గడప మీద కూలబడేది. నేను కంచు బేసినులో గోరువెచ్చటి నీళ్ళు తెచ్చి పెట్టేదాన్ని. రెండు పాదాలూ అందులో పెట్టి, "అబ్బా, దేవా" అని కళ్ళు మూసుకునేది. నీళ్ళు ఎర్రగా తిరిగితే వెలిగండ్ల దిక్కు మట్టి, నల్లగా తిరిగితే పొదిలి దిక్కు రేగడి అని చెప్పేది. తర్వాత పగిలిన మడమలకు ఆముదం. ఆ ఆముదం వాసనా, ఆమె చీరకు పట్టిన పల్లెల పిడకల పొగ వాసనా కలిసి వస్తే నా ప్రాణం కుదుటపడేది. అది ఇప్పటికీ నాకు ఇంటి వాసన.

ఇక పుస్తకాల సంగతి. ఏటా క్రిస్మసుకు ముందు అమెరికా నుంచి మిషనుకు పెట్టెలు వచ్చేవి. అక్కడి సంఘాల ఆడవాళ్ళు కూడబెట్టి పంపేవి. యుద్ధం వల్ల ఓడలు ఆలస్యమై ఒక ఏడు క్రిస్మసు పెట్టె మండుటెండల్లో దిగింది. మిషను నడిపే అమెరికా దొరసానమ్మ బంగళా వరండాలో పెట్టె పగలగొడితే సబ్బు వాసన, కలరా ఉండల వాసన, ఏదో తెలియని చెక్క వాసన గుప్పున వచ్చాయి. గుడ్డముక్కలు, పిన్నీసులు, కట్లు కట్టే బట్ట చుట్టలు, వాడేసిన రంగుల కార్డులు ఉన్నాయి. కార్డుల వెనక రాసిన రాత కనబడకుండా తెల్లకాగితం అంటించి పంపేవాళ్ళు. అన్నీ యేసుబాలుడు, గొర్రెలు, గొల్లవాళ్ళు. వాటినే బైబిలమ్మలు పల్లెపిల్లలకు బహుమానంగా ఇచ్చేవాళ్ళు. అడుగున పింగాణీ కప్పులు పగలకుండా పాత కాగితాలూ, బొమ్మల పుస్తకాలూ చుట్టి పెట్టారు. దొరసానమ్మ కప్పులు తీసి లెక్కచూసుకుంటూ లోపలికి పోయింది. ఆ చుట్టిన కాగితాలు వరండాలో గాలికి కొట్టుకుంటుంటే ఆడవాళ్ళు పొయ్యిలోకి పనికొస్తాయని ఏరుకుంటున్నారు. మా అత్త ఒక్క కేక పెట్టింది.

"అయ్యో, దేవుని బొమ్మలు తొక్కుతున్నారు గదే! కండ్లు కనపడటం ల్యా?"

నలిగిన పుస్తకాలు నాలుగైదు ఏరి, ఒళ్ళో పెట్టి సాపు చేసి, కళ్ళకద్దుకుంది. కళ్ళకద్దుకోకూడదని పాస్టరయ్య ఎన్నిసార్లు చెప్పినా ఆ అలవాటు ఆమెకు పోలేదు. ఆమెను ఎవరూ తప్పుపట్టడానికి లేదు. ఆమె పుట్టి బుద్ధెరిగాక రంగుల బొమ్మ అనేది ఆ పెట్టెలోంచే వచ్చింది, ఆ పెట్టెలోంచి వచ్చిన ప్రతి బొమ్మా బైబిలు బొమ్మే. ఇవి మాత్రం కావని ఆమెకు ఎవరు చెప్పాలి? తెలుగు బైబిలు అటునుంచి ఇటు ఇటునుంచి అటు చదివిన మనిషి. ఇంగ్లీషు ముక్క రాదు.

ఆ రాత్రి దీపం ముందర పెట్టుకుని అత్త ఒక్కొక్క బొమ్మనే గుర్తుపట్టుకుంటూ వచ్చింది. ముఖానికి ముసుగేసుకున్న మనిషిని చూడగానే, "ఈయన మోషే. కొండ దిగొచ్చినప్పుడు మొగం ఎలిగిపోతా ఉంటే జనం చూడలేక భయపడినారు. అందుకని ముసుకేసుకున్యాడు" అంది. బైబిల్లో అట్లాగే ఉంది, కావాలంటే చూసుకోండి. ఆకాశాన్నంటే మేడలు బాబెలు గోపురం. కార్లు ఫరో రథాలు. టోపీలు పెట్టుకున్న పోలీసులు రోమా సైనికులు. అక్కడక్కడా కాలాలు కలిసిపోతున్నాయని ఆమెకూ తెలుసు, బొమ్మలేసినోళ్ళు తొందరపడినారు అనేది. మనుషుల నోళ్ళలోంచి తెల్లటి బుడగలు లేస్తున్నాయి గదా, వాటిలో ఇంగ్లీషు అక్షరాలు. అవి ఆత్మ పలికే మేఘాలట. ఒక పుస్తకంలో నీళ్ళ అడుగున పోయే పడవ ఉంది, దాంట్లో మనుషులు ఉన్నారు. అది యోనాను మింగిన చేప. నేను ఊరుకుంటానా?

"చేపకు కిటికీలు ఉన్యాయేంది అత్తా?"

"లోపల మనిషి ఉన్యాడు గదా, గాలి ఆడొద్దా? ఆ మాత్రం దేవునికి తెలవదా?"

ఆ పుస్తకాలన్నిటికీ పై మూలన గొడుగు బొమ్మ ఉంది. దేవుని నీడ అంది అత్త. మేము వాటిని గొడుగు గుర్తు పుస్తకాలు అనేవాళ్ళం.

ముసుగు మనిషి పుస్తకంలో కథ చివరి పేజీలో తెగిపోయింది. ఆఖరి బొమ్మలో ఒక ఆడపిల్ల, గౌను చేయి చిరిగి, నాలుగు వీధుల కూడలిలో ఒక్కతే నిలబడి ఉంది. పైనుంచి తెల్లగా ఏదో రాలుతోంది. మంచు అంటే మాకు తెల్లవారుజామున గడ్డి మీద తడి తప్ప ఇంకోటి తెలియదు. అత్త దాన్ని మన్నా అంది, ఆకాశం నుంచి దేవుడు కురిపించిన ఆహారం. ఆ పిల్ల మోషే అక్క మిర్యాము, ఫరో పట్టణంలో దారి తప్పింది. కింద రెండు ముక్కలేవో రాసి ఉన్నాయి. వచ్చే నెల సంచికలో చూడండి అని ఉంటుంది కాబోలు, ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు నేను పుస్తకం దీపం దగ్గరికి జరిపి ఆ పిల్లనే చూశాను. ఆమె వెనక ఇళ్ళన్నిటిలో దీపాలు వెలుగుతున్నాయి. ఒక్క తలుపూ తెరిచి లేదు.

"తర్వాత ఏమాయె అత్తా?"

"పోయొచ్చి చెప్తాలే."

అట్లా మొదలైంది. అత్త ఊళ్ళు తిరిగి వచ్చి, బేసినులో కాళ్ళు పెట్టుకుని, మిర్యాము కథలో తర్వాతి భాగం చెప్పేది. దారిలో నడుస్తూ కట్టుకునేదో, ప్రార్థనలో దొరికేదో నాకు తెలియదు. ఆమె మాత్రం కల్పించానని ఎప్పుడూ అనుకోలేదు. బొమ్మ దేవుడిచ్చినప్పుడు బొమ్మ తర్వాతి మాట కూడా ఆయనే ఇస్తాడని ఆమె నమ్మకం. పల్లెల్లోనూ అదే చెప్పేదని నాకు తర్వాత తెలిసింది. అక్కడి ఆడవాళ్ళు సంగటి పొయ్యి మీదనే పెట్టి వచ్చి కూర్చునేవాళ్ళట. నాకు మట్టుకు వారం పొడుగునా ఒకటే ఎదురుచూపు, అత్త కోసమా కథ కోసమా అంటే చెప్పలేను, రెండూ ఒకే బండిలో వచ్చేవి. ఊరి బయట పలకల గనుల్లో పగిలిన పలక ముక్కలు ఎన్ని కావాలంటే అన్ని దొరికేవి. మధ్యాహ్నాలు మెట్ల మీద కూర్చుని ఆ ముక్కల మీద బలపంతో ముసుగు మోషేను గీసేదాన్ని, మిర్యామును గీసేదాన్ని, తడి గుడ్డతో తుడిచి మళ్ళీ గీసేదాన్ని. మిర్యాము వెనక ఇళ్ళకు తలుపులు తెరిచి గీసేదాన్ని.

ఈ పుస్తకాలు ఎవరు వేసేవాళ్ళో, ఎందుకు వేసేవాళ్ళో నాకు ఇన్నేళ్ళూ తెలియదు. లహరి చెప్పింది. ఇద్దరు బావాబావమరుదులట. విత్తనాల పొట్లాల మీద అంటించే లేబుళ్ళూ, క్యాలెండర్లూ అచ్చేసే చిన్న ప్రెస్సు ఉండేదట వాళ్ళకు. ఏడాదిలో సగం రోజులు అచ్చు యంత్రం ఖాళీగా ఉంటోందని, దాన్ని తిప్పడానికి ఏదో ఒకటి కావాలని పిల్లల బొమ్మల పుస్తకం మొదలుపెట్టారట. బావగారి నాయన వీధుల్లో గొడుగులమ్మి బతికాడు గనక గొడుగు గుర్తు పెట్టుకున్నారట. మా అత్త చెప్పిన దేవుని నీడ ఇదా అని నవ్వాను. కొట్టులాంటి ఒక పెద్ద గదిలో బల్లలు వరసగా వేసి, ఒకడు పెన్సిలుతో గీసేవాడట, ఇంకొకడు దాని మీద సిరా దిద్దేవాడు, ఇంకొకడు బుడగల్లో మాటలు రాసేవాడు, ఇంకొకడు ఏ రంగు ఎక్కడో చెప్పేవాడు. ఎవరి పేరూ పుస్తకం మీద ఉండదు. పేజీకి ఇంతని కూలి. నాకు మా గనులే కళ్ళముందు కదిలాయి. ఒకరు రాయి చీల్చేవాళ్ళు, ఒకరు అంచులు కోసేవాళ్ళు, ఒకరు చెక్క చట్రం బిగించేవాళ్ళు. ఏ పలక మీదా ఎవరి పేరూ లేదు. యుద్ధంలో కాగితానికి కరువొచ్చినా సిపాయిలు చదువుతున్నారని వాళ్ళకు కాగితం దొరికేదట. ముసుగు మనిషి పుస్తకం అక్కడ లక్షలమంది పిల్లలు చదివారట. ఆ లక్షల్లో ఎవరూ అతన్ని మోషే అనుకుని ఉండరు. ఆ భాగ్యం మాకే దక్కింది.

చలికాలం వచ్చింది. దొరసానమ్మ ఏటా చలికాలంలో పల్లెల దగ్గర డేరాలు వేసి సంఘాలను చూసి వచ్చేది. ఆ ఏడు వెలిగండ్ల దిక్కు పోతూ అత్తను కూడా రమ్మంది. బడికి సెలవులు గనక అత్త నన్నూ తీసుకుపోయింది. ఒక పల్లెలో పొద్దువాలే వేళకు పిల్లలందరినీ డేరా ముందు కూర్చోబెట్టి దొరసానమ్మ ప్రశ్నలు వేసింది. ఆమె తెలుగు చక్కటి పుస్తకం తెలుగు.

"మోషే ఎవరు? ఎవరు చెప్పగలరు?"

ఒకటే చేతులు! ముక్కు కారుతున్న ఒక చిన్నది అందరికంటే ముందు లేచింది.

"ముసుకేసుకుని మేడ మీంచి మేడ మీదికి దూకినాడమ్మా! దొంగల్ని పట్టి తాళ్ళతో కట్టేసినాడు! మిర్యాము కోసం ఊరంతా ఎతికినాడు!"

దొరసానమ్మ అర్థంగానట్టు పాస్టరయ్య వైపు చూసింది. పాస్టరయ్య నేల చూశాడు. "ఈ మాటలు మీకు ఎవరు చెప్పారు?" అంది. జనమంతా ఒక్కసారి మా అత్త వైపు తిరిగి, ఎంత సంబరంగా చూశారో! ఊరి పెద్దమనిషి ఒకాయన, "మా బైబిలమ్మే దొరసానమ్మా! ఇంతకుముందు వచ్చినోళ్ళు చెప్తే నిద్రొచ్చేది. ఈమె చెప్తాంటే రెప్ప వాలదు" అన్నాడు. మెచ్చుకోలనుకున్నాడు పాపం. అత్త కూడా అట్లాగే అనుకుంది. ముసిముసిగా నవ్వుకుంటూ సంచిలోంచి పుస్తకం తీసి, కొంగుతో తుడిచి, రెండు చేతులతో దొరసానమ్మకు ఇచ్చింది.

దొరసానమ్మ ముఖం ఎర్రబడటం నేను చూశాను. పేజీలు తిప్పింది. పుస్తకం మూసి, "కరుణమ్మా, ఇది బైబిలు కాదు. ఇది మా దేశంలో చిల్లర పుస్తకం. దొంగలూ, తుపాకులూ. మంచి ఇళ్ళలో పిల్లలకు ఇవ్వరు" అంది. అత్త నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, ఎట్లా తీసేయాలో తెలియనట్టు.

మార్కాపురం తిరిగి వచ్చాక దొరసానమ్మ అత్తను బంగళాకు పిలిపించింది. నేను అత్త కొంగు పట్టుకుని వెనకే నిలబడ్డాను. దొరసానమ్మ చెడ్డ మనిషని నేను ఎప్పుడూ అనను. అత్తకు చలిజ్వరం వచ్చినప్పుడు ఆమే వచ్చి పక్కన కూర్చుని మందు తాగించింది. కానీ తన పని విషయంలో రాయి. చెప్పదలచింది మెల్లగా, కోపం లేకుండా చెప్పింది. అత్త ఆ కథలు చెప్పిన ప్రతి ఊరికీ మళ్ళీ వెళ్ళాలి. సంఘం ఎదుట నిలబడి, నేను చెప్పింది దేవుని వాక్యం కాదు, అబద్ధం అని ఒప్పుకోవాలి. లేదంటే ఉద్యోగం ఉండదు. ఉద్యోగం లేకపోతే గది ఉండదు. గది లేకపోతే పిల్లను కోస్తా దిక్కు బోర్డింగుకు పంపిస్తారు, అక్కడ బాగానే చూసుకుంటారు.

అత్త, "బొమ్మ తప్పు దొరసానమ్మా. నేను గుర్తుపట్టలేకపోయినా. ఒప్పుకుంటా. అబద్ధమని మాత్రం అనిపించొద్దు. ఆ పిల్లను ఇంటికి చేర్చాలని చెప్పినా. అది అబద్ధం ఎట్లయితది?" అంది.

"పుస్తకంలో లేనిది చెప్పితే అబద్ధమే కరుణమ్మా."

బోర్డింగు అనే మాట వినగానే నేను అత్త కొంగు గట్టిగా లాగి ఉంటాను. ఆమె తిరిగి నా వైపు చూసింది. ఏమనుకుందో నాకు ఇప్పటికీ స్పష్టంగా తెలుసు. "సరే దొరసానమ్మా" అంది. బంగళా వెనక స్నానానికి నీళ్ళు కాచే పొయ్యి ఉండేది. గొడుగు గుర్తు పుస్తకాలన్నీ ఆ సాయంత్రం దాంట్లోకి పోయాయి. ఆ రంగులు కాలితే పచ్చటి మంట వచ్చిందని వంటవాడు అందరికీ చెప్పాడు.

అత్త, పాస్టరయ్య, నేను ఊరూరా తిరిగాం. ప్రతి ఊళ్ళోనూ జనం బైబిలమ్మ వచ్చిందని పరుగెత్తుకొచ్చి కూర్చునేవాళ్ళు. అత్త లేచి నిలబడి నేల చూస్తూ, "అమ్మా, అయ్యా, నేను మీకు చూపిచ్చిన బొమ్మలు బైబిలు బొమ్మలు కావు. ఆయన మోషే కాడు. నేను చెప్పింది దేవుని మాట కాదు, అబద్ధం. నన్ను క్షమించండి" అనేది. మొదటి ఊళ్ళో గొంతు వణికింది. రానురాను వణకడం కూడా మానేసింది, అప్పగించిన పాఠంలా చెప్పేసేది. కొందరు నవ్వారు. కొందరు, "పోనీలే బైబిలమ్మా, మోషే కాకపోతే ఇంకోడు, మంచోడే గదా" అన్నారు. పాస్టరయ్య వాళ్ళను కసిరేవాడు.

చివరి ఊళ్ళో మరియమ్మవ్వ అని ఒక ముసలామె ఉండేది. చూపు సరిగా ఆనదు. కొడుకులు ఒకరి వెనక ఒకరు కలరా గత్తరకు పోతే మనవరాలిని పెట్టుకుని బతుకుతోంది. అత్త చెప్పిందంతా విని, ద్వారబంధం పట్టుకుని మెల్లగా లేచింది.

"అంతా అబద్ధమేనా అమ్మా?"

"అబద్ధమే అవ్వా."

"అట్లయితే ఆ పిల్ల ఇల్లు చేరలేదా?"

అత్త నోరు తెరిచింది. పాస్టరయ్య పక్కనే నిలబడి ఉన్నాడు. నేను చేయి పట్టుకుని ఉన్నాను. "నాకు తెలవదు అవ్వా" అంది అత్త. ముసలామె తడుముకుంటూ మళ్ళీ కూర్చుంది. ఆ ఊళ్ళో మాకు ఎప్పుడూ పెట్టే మజ్జిగ కూడా ఆ రోజు ఎవరూ పెట్టలేదు, కోపం వచ్చి కాదు, అందరూ అట్లాగే కూర్చుండిపోయారు.

ఉద్యోగం నిలబడింది. గది నిలబడింది. నన్ను ఎక్కడికీ పంపించలేదు. ఆ మాట ఎవరికి చెప్పినా అదృష్టవంతురాలివి అంటారు. అవును, అదృష్టమే. అత్త నా కోసం ఊరూరా తల వంచింది, అంత ప్రేమ నా కోసం ఇంకెవరూ చూపలేదు, కట్టుకున్నవాడు కూడా. కానీ ఆ తర్వాత ఊళ్ళ నుంచి వచ్చిన మొదటి సాయంత్రం బేసినులో నీళ్ళు పోసి, ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, "తర్వాత ఏమాయె అత్తా?" అని అడిగాను. పిల్లదాన్ని, అన్నీ మామూలుగా అయిపోయాయనుకున్నాను. ఆమె కళ్ళు తెరవకుండానే, "తర్వాత ఏమీ ల్యా రూతూ. అన్నం తిని పండుకో" అంది.

అంతే. మళ్ళీ ఆమె నాకు కథ చెప్పలేదు. పల్లెల్లో కూడా బైబిలు తెరిచి, వేలు గీత మీద పెట్టి, ఉన్నది ఉన్నట్టు చదివి మూసేసేదట. దొరసానమ్మ ఎంతో మెచ్చుకుంది. దీపం వేళ మేమిద్దరం ప్రార్థనకు కూర్చుంటే పాట అందుకునేది, రెండు గొంతులు అయ్యేవి. ఆ గదిలో ఆమె నా పక్కన ఉండగా నాకు ఇంతకుముందు లేని ఒంటరితనం మొదలైంది. ముందైతే అత్త వస్తుంది గదా అని ఎదురుచూసేదాన్ని. ఇప్పుడు ఎవరి కోసం ఎదురుచూడాలి? ఎదురుగానే ఉంది. నేను ట్రెయినింగు చదివి టీచరునయ్యాక, పెళ్ళి చేసుకున్నాక, ఆమె చివరిదాకా నా దగ్గరే ఉంది. నా పిల్లలు కథ చెప్పమని మోకాళ్ళు పట్టుకు ఊపితే, "మీ అమ్మను అడగండి, చదువుకున్నది" అనేది. పోయే ముందు కూడా కీర్తన చదవమంది, చదివాను. ఏదైనా చెప్పత్తా అన్నాను. చేయి అడ్డంగా ఊపింది.

లహరి ఆ కంపెనీ మిగతా చరిత్ర కూడా చెప్పింది. యుద్ధం అయిపోయిన కొన్నేళ్ళకు అక్కడి తల్లులూ, పాదిరీలూ ఈ పుస్తకాలు పిల్లలను చెడగొడుతున్నాయని గొడవ మొదలుపెట్టారట. బళ్ళ ముందర కుప్పలు పోసి తగలబెట్టారట. మా దొరసానమ్మ అందరికంటే ముందే ఆ పని చేసిందన్నమాట. చివరకు గొడుగు గుర్తు బావగారు పెద్దమనుషుల సభలో నిలబడి, తప్పయిపోయింది, ఇకనుంచి మంచివే వేస్తాం అని ఒప్పుకున్నాడట. ముసుగు మనిషికి ముసుగు తీసేశారు, తుపాకులు తీసేశారు, దొంగలను తీసేశారు. అతను ఊళ్ళో ఉత్తరాలు పంచుతూ, చెట్టెక్కిన పిల్లులను దించుతూ తిరిగేవాడట. ఎవరూ కొనలేదు. ప్రెస్సును సబ్బు కాగితాలు అచ్చేసేవాళ్ళకు అమ్మేసుకున్నారు. "వినడానికి బాధగా ఉంటుంది" అంది లహరి. నేను ఆ బావగారి ముఖం ఎట్లా ఉండి ఉంటుందో ఆలోచిస్తూ ఉండిపోయాను. ఆయన కూడా ఇంటికి పోయి కాళ్ళు కడుక్కుని ఉంటాడు, పిల్లలు ఏదో అడిగి ఉంటారు.

ఇప్పుడు నా మునిమనవళ్ళకు బొమ్మలకు కరువేమిటి? గోడంత తెర మీద రాత్రీపగలూ ఎగిరేవాళ్ళు, దూకేవాళ్ళు. ఏ భాగం తర్వాత ఏ భాగం రావాలో దానంతటదే వచ్చేస్తుంది, తర్వాత ఏమైందని నోరు తెరిచి ఎవరినీ అడగనక్కర్లేదు. మంచిదే. వాళ్ళను చూసి కుళ్ళుకోను. కాకపోతే వాళ్ళు ఎవరి కాళ్ళ దగ్గరా కూర్చోరు.

వెళ్ళే ముందు లహరి తన ఫోను బల్ల మీద పెట్టి, మాటలు రికార్డు చేయడానికి సిద్ధం చేసింది. "గొడుగు గుర్తు పుస్తకాలు దాదాపు అన్నీ దొరుకుతున్నాయి అమ్మమ్మగారూ. ఎంత తగలబెట్టినా ఎవరో ఒకరు అటక మీద దాచారు. ప్రతి పేజీ భద్రంగా ఉంది. మీ అత్తగారు చెప్పినవి మాత్రం ఎక్కడా లేవు. ఒక్క కథ చెప్పండి, చాలు" అంది.

సంతోషంగా సర్దుకుని కూర్చున్నాను. పిల్లలకు పాఠాలు చెప్పిన గొంతు గదా, ఎత్తుకున్నాను. "ఫరో పట్టణంలో మన్నా కురుస్తా ఉంది. మిర్యాము నాలుగు వీధుల కూడలిలో ఒక్కతే నిలబడింది..." అన్నాను. ఆగిపోయాను. అది అచ్చులో ఉన్న బొమ్మ. అక్కడినుంచి అత్త చెప్పింది కావాలి. బేసినులో నీళ్ళు తిరిగిన రంగు గుర్తొచ్చింది. ఆముదం వాసన వచ్చింది. మేడల ఎత్తు చూపించడానికి ఆమె చేయి పైకెత్తితే గాజు మోచేతి దాకా జారేది, అది కూడా కనబడింది. మిర్యాము ఇల్లు చేరింది, అది ఖాయం, చేరిన రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. ఏ వీధిన పోయింది, ఎవరు తోడు వచ్చారు, ఏ తలుపు ఎవరు తీశారు, ఒక్క ముక్క తోచలేదు.

"మెల్లగా గుర్తు చేసుకోండి, తొందరేం లేదు" అంది లహరి. ఫోను మీద అంకెలు కదులుతూనే ఉన్నాయి. గొంతు సవరించుకున్నాను, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాను, మళ్ళీ ఆ కూడలిలోనే ఆగిపోయాను. ఆ కథ విన్నవాళ్ళలో బతికి ఉన్నది నేనొక్కదాన్నే. నాకూ గుర్తు లేదు.